సెల్ఫ్ కొడితే ‘టక్’... ఆ తర్వాత?

పడవ మేస్త్రి జవాబులు

మన తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. 61 రోజులు. ఆ మర్నాటి నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: సెల్ఫ్ తిరగడం లేదు. ఈసారీ అంతే. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి సెల్ఫ్ గోల ఒక్కటే తీసుకున్నాను. కాకినాడ రేవులో ముప్పై ఏళ్లు పానా పట్టుకున్న చెయ్యి, రాత కూడా కాస్త మొరటుగానే ఉంటుంది. ఏమీ అనుకోకండి.

కొత్త పాఠకుల కోసం ఒక్క ముక్క. సెల్ఫ్ అంటే స్టార్టర్ మోటరే. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ తయారు చేసిన కరెంటు స్టార్టరు వచ్చింది. అంతకుముందు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పేవారు, అది ఎదురు తిరిగి చేతులు విరిగేవి. సెల్ఫ్ స్టార్టర్ అన్న మాటలో వెనక ముక్క మన షెడ్లలో ఎప్పుడో రాలిపోయింది.

ప్రశ్న: మాది ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ బోటు. నిషేధం రెండు నెలలూ జెట్టీకి కట్టేసి ఉంచాం. ఇప్పుడు తాళం తిప్పితే ఒక్కసారి ‘టక్’ అంటుంది, అంతే. లైట్లు, వైర్‌లెస్ సెట్టు బాగానే పనిచేస్తున్నాయి. సెల్ఫ్ పోయిందంటే కొత్తది వేయించాం. దానిదీ అదే ‘టక్’. ఇప్పుడేమో ఇంజినే పట్టేసింది, విప్పాలి అంటున్నారు. ఏం చేయమంటారు మేస్త్రి గారూ?
— బోటు యజమాని, నిజాంపట్నం

జవాబు: ముందు ఇంజిన్ విప్పనివ్వకండి. ఇంజిన్ ముందుండే చక్రం, అదే క్రాంక్ పుల్లీ, దాని బోల్టుకు పెద్ద పానా వేసి, ఇంజిన్ తిరిగే వైపుకే, చేత్తో రెండు చుట్లు తిప్పించండి. బరువుగానైనా తిరిగిందంటే ఇంజిన్ పట్టేయలేదు. అయిదు నిమిషాల పని.

ఇక లైట్ల సంగతి. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు బాగానే వస్తోందని అందరూ అనుకుంటారు. బల్బు తాగేది ఒకటో రెండో ఆంపియర్లు. మీ సెల్ఫ్ తాగేది కొన్ని వందలు. దారిలో ఒక్క చోట ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఉందనుకోండి, బల్బుకు అది తెలియను కూడా తెలియదు. అదే 300 ఆంపియర్లు పోవాల్సి వస్తే అక్కడే 3 వోల్టులు కాలిపోతాయి. సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) లాగడానికి మిగిలింది చాలు, అందుకే ‘టక్’. మోటరు తిప్పడానికి చాలదు.

కాబట్టి మీటరు తీయండి. నాలుగైదు వందలకు దొరికే మామూలు డిజిటల్ మీటరు చాలు. మీ ఇంజిన్ 12 వోల్టులదో 24దో మీరు రాయలేదు. నేను 12 లెక్కన చెబుతున్నాను, మీది 24 అయితే అంకెలు రెట్టింపు చేసుకోండి. డీజిల్ రాకుండా స్టాప్ లివరు లాగి పెట్టండి. ఒక మనిషిని తాళం దగ్గర నిలబెట్టి, మీరు అడిగినప్పుడల్లా అయిదు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి.

మొదట మీటరు రెండు కడ్డీలూ బ్యాటరీ సీసపు గుబ్బల మీదే పెట్టండి. క్లాంపు మీద కాదు, గుబ్బ మీద. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కంటే దిగిపోతే బ్యాటరీని అనుమానించాలి. దిగకుండా నిలబడితే, ఎర్ర కడ్డీ బ్యాటరీ ప్లస్ గుబ్బ మీద, నల్లది సెల్ఫ్ మీద లావు తీగ బిగించిన బోల్టు మీద పెట్టి మళ్లీ కొట్టించండి. ఇప్పుడు మీటరు చూపించేది దారిలో పోయిన వోల్టులు. అర వోల్టు దాటకూడదు. తర్వాత బ్యాటరీ మైనస్ గుబ్బ నుంచి సెల్ఫ్ ఒంటికి, అంటే ఎర్త్ దారి. ఇక్కడ 0.3 దాటితే ఎక్కడో చిలుము పట్టినట్టే. ఆఖరున సోలినాయిడ్ మీది రెండు లావు బోల్టుల మధ్య. ‘టక్’ అన్నాక ఇది సున్నా దగ్గరికి పడిపోవాలి. పడకుండా 12 దగ్గరే ఉందంటే లోపల రాగి చక్రం, దాని కాంటాక్టులు కాలిపోయాయి. సున్నాకు పడిపోయి, మోటరుకు పూర్తి వోల్టేజీ అందినా అది కదలకపోతే, అప్పుడు మాత్రమే సెల్ఫ్ విప్పండి. లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్లో, తిరిగే ఆర్మేచరో అయి ఉంటుంది.

కొత్త సెల్ఫ్ కూడా ‘టక్’ అంటోందని రాశారు కాబట్టి నేనైతే నేరుగా ఎర్త్ దగ్గరికి పోతాను. ఎందుకో చెబుతా. కొన్నేళ్ల కిందట సరిగ్గా ఇలాగే, నిషేధం అయిపోయిన వారంలో భైరవపాలెం బోటు ఒకటి నా దగ్గరికి వచ్చింది. రెండు సెల్ఫ్‌లు మార్చారు. బ్యాటరీ మైనస్ నుంచి సెల్ఫ్ ఒంటికి పెట్టి చూస్తే 4 వోల్టులు! ఖాళీగా ఉన్నారు కదా అని నిషేధంలో ఇంజిన్ కడిగి పచ్చ రంగు వేశారు. ఎర్త్ తీగ విప్పి, రంగు ఆరాక, ఆ రంగు మీదే మళ్లీ బిగించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. థింబుల్ (తీగ చివర బోల్టుకు బిగించే లోహపు కొస) కింద రంగు గీకి ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే 4 వోల్టులు 0.1 అయింది. తీసి పారేసిన పాత సెల్ఫ్ పెట్టినా ఇంజిన్ అందుకుంది.

మీటరు లేకపోతే మా మేస్త్రి పద్ధతి ఉంది. పది సెకన్లు సెల్ఫ్ కొట్టించి, వెంటనే ఒక్కో జాయింటూ వేళ్లతో తడమండి. వేడెక్కిన చోటే దొంగ ఉన్నాడు. మెల్లిగా తాకండి, ఒక్కోసారి చురుక్కుమంటుంది. తీగ పైన ప్లాస్టిక్ బాగానే ఉండి, థింబుల్ దగ్గర కాస్త ఉబ్బి కనిపిస్తే కోసి చూడండి. లోపల రాగి నల్లటి పొడిగా రాలుతుంది. అది మార్చేటప్పుడు తగరం పూత ఉన్న రాగి తీగ వేయించండి, ఉప్పు గాలికి అదే తట్టుకుంటుంది.

ప్రశ్న: మా ఫైబర్ బోటు వెనక తగిలించిన ఔట్‌బోర్డుకు తాళం తిప్పితే ‘టకటకటక’ అని కొట్టుకుంటోంది. మీటరు పెడితే బ్యాటరీ 12.4 చూపిస్తోంది. బ్యాటరీ మంచిదేగా?
— ఉప్పాడ

జవాబు: ఊరికే కూర్చున్నప్పుడు అందరూ బలవంతులే తమ్ముడూ. బస్తా నెత్తిన పెట్టి చూడాలి. సెల్ఫ్ కొడుతుండగా చూస్తే ఆ 12.4 ఏడుకో ఎనిమిదికో జారుతుందని నా అనుమానం. సోలినాయిడ్ లాగుతుంది, మోటరు కరెంటు గుంజగానే వోల్టేజీ పడిపోతుంది, సోలినాయిడ్ వదిలేస్తుంది, మళ్లీ వోల్టేజీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ గొడవే మీకు వినిపించే టకటక. ఒక్క ‘టక్’కూ దీనికీ తేడా అదే. పూర్తిగా నిండిన మంచి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 పైన చూపించాలి. 12.2 అంటే దాదాపు సగమే మిగిలింది.

అయితే బ్యాటరీ కొనేముందు దాని మీది నట్లు చూడండి. చెవుల నట్లు ఉన్నాయా, చేత్తో బిగించేవి? అలల మీద బోటు దడదడలాడితే అవి ఒక్క పూటలో వదులవుతాయి. తీసేసి మామూలు ఆరు పలకల నట్లు వేసి పానాతో బిగించండి. గుబ్బలు, థింబుల్‌లు గీకి, బిగించాక పైన వేజలిన్ పూయండి. బిగించే ముందు కాదు, తర్వాత. ఇంత చేసినా టకటకే అయితే బ్యాటరీ మార్చుకోండి. కారులోంచి తీసేసిన పాత బ్యాటరీని బోటుకు వాడే అలవాటు మన దగ్గర ఉంది. ఒడ్డున కారు ఆగిపోతే నలుగురు తోస్తారు, సముద్రంలో తోసేవాడు ఎవడు? ఇంజిన్ చిన్నదైతే తాడు లాగి స్టార్ట్ చేసే సౌకర్యం ఉంటుంది. ఆ తాడు బోటులోనే ఉందో, ఇంట్లో బట్టలు ఆరేయడానికి వాడుతున్నారో ఈరోజే చూసుకోండి.

ప్రశ్న: నేను జలాశయంలో టూరిస్టు స్పీడ్ బోటు నడుపుతాను. ఒక్కోసారి తాళం తిప్పితే ఏ చప్పుడూ ఉండదు. గేరు లివరు కాస్త ముందుకీ వెనక్కీ ఆడిస్తే స్టార్ట్ అవుతుంది. దీనికి సెల్ఫ్ విప్పాలా?
— నాగార్జునసాగర్

జవాబు: సెల్ఫ్ జోలికి పోకండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. లివరు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్‌కు కరెంటు వెళ్లేలా ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, లివరు పెట్టెలోనో ఇంజిన్ మీదో. అది అరిగిపోయిందో, గేరు కేబుల్ సాగి న్యూట్రల్ కాస్త పక్కకు జరిగిందో. కేబుల్ సర్దుబాటు చేయించండి, కుదరకపోతే స్విచ్చు మార్పించండి.

ఆ స్విచ్చు తీగలు రెండూ కలిపేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లు మీ గట్టు మీదే ఉంటారు. వాళ్ల మాట వినకండి. గేరులో ఉండగా ఇంజిన్ అందుకుంటే బోటు ముందుకు ఒక్క ఉరుకు ఉరుకుతుంది. ఆ సమయానికి ఎవరో ఒక కాలు జెట్టీ మీద, ఒక కాలు బోటులో పెట్టి ఉంటారు. పిల్లల్ని ఎక్కించుకునే బోటు అది.

ప్రశ్న: ఇంజిన్ స్టార్ట్ అయ్యాక తాళం వదిలేసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంది. తాళం పూర్తిగా తీసేసినా ఆగలేదు. చివరికి పొగ వచ్చింది.
— అంతర్వేది

జవాబు: సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి. బలహీనమైన బ్యాటరీతో పదే పదే కొట్టినప్పుడు ఆ రాగి ముక్కలు వెల్డింగ్ అయిపోతాయి. ఇక తాళం మాట అది వినదు. వెంటనే బ్యాటరీ ఐసొలేటర్, అంటే బ్యాటరీ కరెంటు మొత్తం ఆపే స్విచ్చు, కట్టేయాలి. మీ బోటుకు ఐసొలేటర్ లేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ముందు అది పెట్టించండి, చెయ్యి అందే చోట. సోలినాయిడ్ మార్చాల్సిందే, దానికి మరమ్మతు వద్దు.

విప్పేటప్పుడు మొదట మైనస్ తీగ, బిగించేటప్పుడు ఆఖరున మైనస్ తీగ. చేతికి ఉంగరం, గడియారం ఉండకూడదు. నా ఎడమ చేతి ఉంగరపు వేలి చుట్టూ ఇప్పటికీ తెల్లటి మచ్చ ఉంది. పెళ్లయిన కొత్తలో మైనస్ తీయకుండా సెల్ఫ్ విప్పబోయాను. పానా ఒక వైపు ప్లస్ బోల్టు మీద, నా ఉంగరం ఇంజిన్ మీద. కన్నుమూసి తెరిచేంతలో ఉంగరం ఎర్రగా అయిపోయింది. ఉంగరం మా మామగారు పెట్టింది, ఆయనకు చెప్పడం కాలిన దానికంటే కష్టమైంది.

ప్రశ్న: సెల్ఫ్ మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే తిరుగుతోంది. ఇలా వాడుకోవచ్చా? — ఓడలరేవు

జవాబు: దెబ్బకు తిరుగుతోందంటే కార్బన్ బ్రష్లు అరిగిపోయి ఆర్మేచర్ చివర ఉండే రాగి పట్టీల చుట్టు, అదే కమ్యుటేటర్‌కు సరిగా ఆనడం లేదు. దెబ్బ అదురుకు ఒకసారి ఆనుతాయి. ఆ ఒక్కసారి ఒడ్డుకు చేరడానికి వాడుకోండి, తప్పులేదు. చేరాక విప్పించండి. కానీ ముందు మీది ఏ రకమో తెలుసుకోండి. పాత బరువైన సెల్ఫ్‌లలో రాగి చుట్లు ఉంటాయి, ఓర్చుకుంటాయి. కొత్తగా వచ్చే చిన్న సెల్ఫ్‌లు చాలావాటిలో శాశ్వత అయస్కాంతాలు ఒంటికి లోపల అతికించి ఉంటాయి. సుత్తి దెబ్బకు అవి పింగాణీలా పగులుతాయి, ముక్క ఆర్మేచర్‌లో ఇరుక్కుంటుంది. ఇక మరమ్మతుకు కూడా పనికిరాదు.

విప్పినప్పుడు బ్రష్లతో సరిపెట్టకండి. ఆర్మేచర్ చేత్తో పట్టుకుని వెలుతురులో చూడండి. దాని మీద ఒక వైపు ఇనుము గీసుకుపోయి మెరుస్తూ ఉంటే షాఫ్టును మోసే బుష్షులు అరిగాయని గుర్తు, అవీ మార్చాలి. ముందున్న చిన్న పళ్ల చక్రం పినియన్, అదే మనం బెండిక్స్ అనేది (అది విన్సెంట్ బెండిక్స్ అనే ఆయన పేరు), షాఫ్టు మీద వేలితో తోస్తే నునుపుగా జారాలి. తోయలేకపోతున్నారంటే ఉప్పూ తుప్పూ పట్టింది. మోటరు జుయ్యిమని తిరిగి ఇంజిన్ మాత్రం కదలని బోట్లలో జరిగేది చాలావరకు ఇదే. శుభ్రం చేసి పల్చటి నూనె రెండు చుక్కలు వేయండి. గ్రీజు ముద్దలు కుక్కకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడ లేక్‌లో తిరగడానికి పాత పెట్రోలు స్టెర్న్‌డ్రైవ్ బోటు కొన్నాం, అంటే ఇంజిన్ లోపల, నీళ్లలో తిరిగే రెక్కల భాగం వెనక బయట. వీ8 ఇంజిన్. సెల్ఫ్ పోయింది. బోటు స్టార్టరు ధరలో సగానికే కారు విడిభాగాల షాపులో అచ్చం అలాంటిదే ఉంది, బోల్టులు కూడా సరిపోతున్నాయి. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. బోల్టులు సరిపోవడం ఇక్కడ లెక్కలోకి రాదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్రష్ల దగ్గర నిప్పురవ్వలు రావడం మామూలే. కారులో బానెట్ కింద నేల కనిపిస్తూ ఉంటుంది, పెట్రోలు ఆవిరి ఉన్నా గాలికి పోతుంది. బోటు అడుగు మూసిన గిన్నె. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగి ఇంజిన్ గదిలోనే కూర్చుంటుంది. మీ సెల్ఫ్ ఉండేదీ అక్కడే. బోటుకు చేసిన స్టార్టరు లోపల రవ్వ పుట్టినా, లోపల ఆవిరి అంటుకున్నా, మంట బయటికి రాకుండా కట్టుదిట్టం చేసి ఉంటుంది. మీ దేశంలో కోస్ట్ గార్డ్ నిబంధనలు కూడా పెట్రోలు ఇన్‌బోర్డు బోట్లకు అలాంటి విద్యుత్ సామానే ఉండాలంటాయి. కొనేటప్పుడు దాని మీద ఎస్‌ఏఈ జె1171 అన్న గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఆల్టర్నేటర్‌కూ ఇదే నియమం.

అలాగే మీ బోటులో బ్లోయర్ అనే ఫ్యాను ఉంటుంది. తాళం తిప్పే ముందు నాలుగు నిమిషాలు అది తిరగాలి, పెట్రోలు పోయించుకున్నాక మరీనూ. ఫ్యాను వేశాం కదా అని ముక్కు మూసుకోకండి, మూత ఎత్తి వాసన చూడండి. ఇంకొకటి, మీ బోటుకు రెండు ఇంజిన్లు ఉంటే పాతవాటిలో ఒకటి ఎదురు వైపు తిరిగే అవకాశం ఉంది. అప్పుడు దాని సెల్ఫ్ కూడా ఎదురు తిరిగేదే కావాలి. పాతది షాపుకు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి తెచ్చుకోండి.

ప్రశ్న: మాది చిన్న క్యాబిన్ బోటు, డీజిల్ ఇంజిన్. డీజిల్‌లో గాలి పట్టి స్టార్ట్ కాకపోతే చాలాసేపు, ఓ పాతిక సార్లు సెల్ఫ్ కొట్టాం. అప్పటిదాకా బాగా తిరిగిన ఇంజిన్ ఉన్నట్టుండి ‘ధడ్’మని ఆగిపోయింది. ఇప్పుడు అస్సలు కదలడం లేదు. సెల్ఫ్ కాలిపోయిందా? టెన్షన్‌గా ఉంది. — విశాఖపట్నం

జవాబు: సెల్ఫ్ కాలిపోయి ఉంటే మీ అదృష్టమే. నాకు భయంగా ఉన్నది వేరు, సిలిండర్లలోకి నీళ్లు వెళ్లాయేమోనని. ఇది చదివేదాకా మళ్లీ తాళం తిప్పి ఉండరని ఆశిస్తున్నాను.

మీలాంటి బోట్లలో ఇంజిన్‌ను చల్లబరిచిన సముద్రపు నీరు పొగ గొట్టంలోకే పోతుంది. ఇంజిన్ నడుస్తుంటే పొగ జోరుకు ఆ నీరు బయటికి చిమ్ముతుంది. ఇంజిన్ అందుకోకుండా ఊరికే తిప్పుతూ పోతే పంపు మాత్రం నీళ్లు తోడుతూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే పొగ లేదు. మఫ్లరు నిండుతుంది, గొట్టం నిండుతుంది, తర్వాత వెనక్కి ఎక్కి తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగుతుంది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. ఆ ‘ధడ్’ పిస్టన్ నీళ్లకు గుద్దుకున్న చప్పుడు. బలవంతంగా ఇంకా కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. సముద్రపు నీరు లోపలికి వచ్చే అడుగు వాల్వు కట్టేయండి. మఫ్లరులో నీళ్లు వదిలేయండి. డీజిల్ ఆపి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అన్నీ విప్పి బయటికి తీయించండి. పుల్లీకి పానా వేసి చేత్తో నెమ్మదిగా తిప్పండి. నీళ్లు రంధ్రాల్లోంచి చిమ్ముతాయి, మొహం అడ్డం పెట్టకండి. రెండు చుట్లు సాఫీగా తిరిగాక అప్పుడు సెల్ఫ్‌తో కాసేపు తిప్పి మిగిలినవీ బయటికి పంపండి. ఇంజెక్టర్లు తీశాక కూడా ఒకే చోట గట్టిగా తగులుతోందంటే ఆపేయండి, రాడ్డు వంగినట్టే, ఇక హెడ్డు విప్పాల్సిందే. నూనె కడ్డీ తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కిందికీ దిగాయి. ఆయిల్, ఫిల్టరు మార్చి, ఇంజిన్ కాసేపు నడిపి, మళ్లీ మార్చండి.

గాలి తీసే పని మాత్రం సెల్ఫ్‌తో చేయకండి, దానికి డీజిల్ పంపు మీద చేత్తో కొట్టే చిన్న లివరు ఉంటుంది. ఇక ముందు ఇంజిన్ అందుకోక రెండోసారి కొట్టాల్సి వస్తే అడుగు వాల్వు కట్టేసి కొట్టండి, పది సెకన్లకు మించొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. ఇంజిన్ అందుకున్న మరుక్షణం వాల్వు తెరవాలి, లేకపోతే పంపులో రబ్బరు రెక్కలు మాడిపోతాయి. మతిమరుపు ఉంటే వాల్వు కట్టినప్పుడల్లా తాళం చెవికి ఓ గుడ్డముక్క కట్టుకోండి, నేనూ అదే చేస్తాను.

ఈ పనంతా ఈరోజే కావాలి. ఉప్పు నీరు తగిలిన సిలిండరు గోడ తెల్లారేసరికే తుప్పెక్కుతుంది. ఇంజిన్ నడిపించే వీలు ఇవాళ లేకపోతే కనీసం ఇంజెక్టరు రంధ్రాల్లో ఒక్కోదాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, గుడ్డ కప్పి ఇంటికి వెళ్లండి.